అప్‌డేట్: గ్లూకోజ్ అయిపోయాక ఈ. కోలై ఎలా బతికింది?

నా ప్రశ్న గుర్తులేనివాళ్ల కోసం: గ్లూకోజ్ అయిపోయిన ఫ్లాస్కులో రెండు రోజులు వదిలేసిన ఈ. కోలై బ్యాక్టీరియాలో ఏటీపీ (కణం శక్తి కోసం వాడే అణువు) దాదాపు సున్నాకి పడిపోయింది. ప్లేటు మీద పరిస్తే మాత్రం కాలనీలు బోలెడు వచ్చాయి. శక్తి లేకుండా ఎలా బతికాయని అడిగాను. ఖర్చు తగ్గించుకుని బతుకుతాయని మీరు జవాబిచ్చారు.

ముందు నా తప్పు ఒప్పుకుంటా. శాంపిళ్లు తీసి, ట్యూబులన్నీ తీరిగ్గా సర్దుకుని, అప్పుడు కణాలను పగలగొట్టాను. కణంలో ఏటీపీ జేబులో చిల్లర లాంటిది, సెకన్లలో చేతులు మారిపోతుంది. ఈసారి తీసిన వెంటనే పగలగొడితే లూసిఫరేజ్ (ఏటీపీ ఉంటే వెలిగే ఎంజైమ్) వెలుగు బాగా పెరిగింది. తగ్గుదల నిజమే గానీ, సున్నా మాత్రం కాదు.

అసలు కిటుకు ఖర్చు తగ్గించుకోవడంలో ఉందన్న మీ మాట నిజం. ప్రోటీన్ గొలుసుకి ఒక్క అమైనో ఆమ్లం తగిలించాలంటే సుమారు 4 ఫాస్ఫేట్ బంధాలు ఖర్చు! అమైనో ఆమ్లాలు కరువైతే ఖాళీ టీఆర్‌ఎన్‌ఏ (అమైనో ఆమ్లాలను మోసుకొచ్చే అణువు) రైబోజోమ్‌లో, అంటే ప్రోటీన్లు తయారుచేసే యంత్రంలో, దూరుతుంది. రెల్‌ఏ అనే ఎంజైమ్ దాన్ని పసిగట్టి పీపీజీపీపీ అనే హెచ్చరిక అణువుని తయారుచేస్తుంది, దాంతో కొత్త రైబోజోమ్‌ల తయారీకి బ్రేకు పడుతుంది. గ్లూకోజ్ కరువులో పీపీజీపీపీని పెంచే పని ఎక్కువగా స్పాట్‌టీ అనే ఎంజైమ్‌ది. (1969లో కాషెల్, గాలంట్ పీపీజీపీపీకి పెట్టిన పేరు 'మ్యాజిక్ స్పాట్'. స్పాట్‌టీ, మ్యాజిక్ స్పాట్ రెండూ ఒకటే అనుకుని ఒక రోజంతా తికమకపడ్డాను.)

నాకు బాగా నచ్చింది మాత్రం ఉన్న రైబోజోమ్‌ల సంగతి. రెండేసి జతకట్టి, 100ఎస్ అనే జంట రూపంలో నిద్రపోతాయట. తిండి దొరికితే నిమిషాల్లో విడిపోయి పనిలోకి దిగుతాయి. నా ప్లేటు మీద జరిగిందీ అదే అయ్యుంటుంది.