బయటి ఎస్‌ఎస్‌డీ తీసేస్తే విండోస్ కూడా బూట్ కావడం లేదు

ప్రశ్న

నా ల్యాప్‌టాప్ లోపలి డిస్కులో విండోస్ ఉంది. దాని జోలికి పోకూడదన్న ఉద్దేశంతో ఉబుంటు లినక్స్‌ను యూఎస్‌బీతో కలిపే ఎస్‌ఎస్‌డీలో ఇన్‌స్టాల్ చేశాను; బూట్‌లోడర్ (సిస్టమ్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్) ఎక్కడ పెట్టాలని ఇన్‌స్టాలర్ అడిగినప్పుడు కూడా ఆ ఎస్‌ఎస్‌డీనే ఎంచుకున్నాను. అది తగిలించి ఉన్నంతసేపూ గ్రబ్ (ఉబుంటు బూట్‌లోడర్) మెనూ సవ్యంగానే వస్తోంది. తీసేసి ఆన్ చేస్తే మాత్రం నల్లని తెరపై ‘గ్రబ్>’ అని కనిపించి ఆగిపోతోంది. అదే ఎస్‌ఎస్‌డీని వేరే కంప్యూటరుకు తగిలిస్తే బూట్ జాబితాలో అసలు కనిపించడమే లేదు. మళ్లీ ఇన్‌స్టాల్ చేయకుండా దీన్ని సరిదిద్దే మార్గం ఉంటే దయచేసి తెలుపగలరు.

మొదటి సమాధానం

మళ్లీ ఇన్‌స్టాల్ చేయనవసరం లేదండి. ముందుగా, ఆ ‘గ్రబ్>’ దగ్గర ‘ఎగ్జిట్’ అని టైపు చేసి చూడండి. చాలా యంత్రాల్లో ఫర్మ్‌వేర్ (మదర్‌బోర్డులోని ప్రారంభ ప్రోగ్రామ్) జాబితాలోని తరువాతి ఎంట్రీకి, అంటే విండోస్‌కు వెళ్లిపోతుంది.

మీరు ఎస్‌ఎస్‌డీని ఎంచుకున్నా, ఉబుంటు పాత ఇన్‌స్టాలర్ ఆ మాటను పట్టించుకోకుండా లోపలి డిస్కులోని ఈఎఫ్‌ఐ విభాగంలోనే (బూట్‌లోడర్ల కోసం కేటాయించిన చిన్న విభాగం) గ్రబ్‌ను పెట్టేస్తుంది. ఇది ఎప్పటినుంచో ఉన్న లోపమే. అక్కడున్న గ్రబ్ తన మెనూ ఫైలు కోసం ఎస్‌ఎస్‌డీలోని విభాగాన్ని యూయూఐడీ (విభాగపు ప్రత్యేక గుర్తింపు సంఖ్య) ఆధారంగా వెతుకుతుంది కాబట్టి, ఎస్‌ఎస్‌డీ లేనప్పుడు దిక్కుతోచక ఆగిపోతుంది. ఇక ‘ఉబుంటు’ అనే బూట్ ఎంట్రీ మీ మదర్‌బోర్డు మెమరీలో మాత్రమే ఉంటుంది, డిస్కుతోపాటు ప్రయాణించదు. ఎంట్రీ లేని కంప్యూటరు బయటి డ్రైవులో ఒకే ఒక్క చోట చూస్తుంది: ఈఎఫ్‌ఐ విభాగంలో ‘ఈఎఫ్‌ఐ/బూట్/బూట్‌ఎక్స్64.ఈఎఫ్‌ఐ’ అనే ఫైలు. మనం చేయవలసిందల్లా గ్రబ్‌ను అక్కడ పెట్టడమే.

లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి, జీపార్టెడ్‌లో (డిస్కు విభాగాలను మార్చే ప్రోగ్రామ్) ఎస్‌ఎస్‌డీ రూట్ విభాగాన్ని, అంటే ఉబుంటు ఉన్న విభాగాన్ని, కొద్దిగా కుదించి, సుమారు 300 ఎంబీల ఫ్యాట్32 విభాగం సృష్టించి దానికి ‘ఈఎస్‌పీ’ ఫ్లాగ్ (ఇది ఈఎఫ్‌ఐ విభాగమని తెలిపే గుర్తు) ఇవ్వండి. కుదించే ముందు ముఖ్యమైన ఫైళ్లకు బ్యాకప్ తప్పనిసరి. రూట్‌ను ‘/ఎంఎన్‌టీ’ వద్ద, కొత్త విభాగాన్ని దానిలోని ‘/బూట్/ఈఎఫ్‌ఐ’ వద్ద మౌంట్ చేసి, ‘/డెవ్’, ‘/ప్రాక్’, ‘/సిస్’లను బైండ్ చేసి, సీహెచ్‌రూట్ ఆదేశంతో ఎస్‌ఎస్‌డీలోని ఉబుంటు లోపలికి వెళ్లి, గ్రబ్-ఇన్‌స్టాల్‌ను ‘--రిమూవబుల్’ ఆప్షన్‌తో నడపండి. ఆ ఆప్షన్ ఉంటే అది మదర్‌బోర్డు మెమరీని ముట్టుకోదు. తరువాత అప్‌డేట్-గ్రబ్.

ఎస్‌ఎస్‌డీ ఒంటరిగా బూట్ అవుతోందని రూఢి చేసుకున్నాకనే, లోపలి డిస్కు ఈఎఫ్‌ఐ విభాగంలోని ‘ఉబుంటు’ ఫోల్డరును, ఈఎఫ్‌ఐబూట్‌మేనేజర్ ఆదేశంతో మదర్‌బోర్డు మెమరీలోని పాత ఎంట్రీని తొలగించండి. ఆ విభాగాన్ని ఫార్మాట్ మాత్రం చేయకండి. విండోస్ బూట్‌లోడర్ ఉన్నది అందులోనే.

రెండవ సమాధానం

ఒక హెచ్చరిక. విండోస్‌లో బిట్‌లాకర్ (డిస్కు ఎన్‌క్రిప్షన్) ఆన్‌లో ఉంటే, ఫర్మ్‌వేర్ సెట్టింగులు మార్చే ముందే రికవరీ కీని వేరే చోట రాసిపెట్టుకోండి. సెక్యూర్ బూట్‌ను (సంతకం ఉన్న బూట్‌లోడర్లనే అనుమతించే రక్షణ) ఆపవలసిన పని సాధారణంగా ఉండదు. షిమ్ (సెక్యూర్ బూట్‌లో గ్రబ్‌కు ముందు నడిచే చిన్న ప్రోగ్రామ్), గ్రబ్‌ల సంతకం చేసిన ప్యాకేజీలు ఎస్‌ఎస్‌డీలోని ఉబుంటులో ఉంటే చాలు.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలండి. ఇప్పుడు ల్యాప్‌టాప్‌లో విండోస్ నేరుగా వస్తోంది. వేరే కంప్యూటరులో గ్రబ్ మెనూ కూడా వచ్చింది, కానీ ఉబుంటు మొదలై, ఒకటిన్నర నిమిషం ఎదురుచూసి, ఎమర్జెన్సీ మోడ్‌లోకి వెళ్తోంది.

మొదటి సమాధానం ఇచ్చినవారు

బూట్‌లోడర్ పని పూర్తయింది, ఇది ఎఫ్‌ఎస్‌ట్యాబ్ (ఏ విభాగాన్ని ఎక్కడ మౌంట్ చేయాలో చెప్పే ఫైలు) సంగతి. ‘/ఈటీసీ/ఎఫ్‌ఎస్‌ట్యాబ్’లో ‘/బూట్/ఈఎఫ్‌ఐ’ వరుస ఇంకా మీ ల్యాప్‌టాప్ లోపలి డిస్కు యూయూఐడీనే చూపుతూ ఉంటుంది. ఆ డిస్కు లేని కంప్యూటరులో సిస్టమ్‌డీ (ఉబుంటును మొదలుపెట్టే ప్రోగ్రామ్) 90 సెకన్లు దాని కోసం వేచి చూసి చేతులెత్తేస్తుంది. బీఎల్‌కేఐడీ ఆదేశంతో కొత్త విభాగపు యూయూఐడీ తెలుసుకుని, ఆ వరుసలో మార్చండి. దీన్ని సరిచేయకపోతే మీ ల్యాప్‌టాప్‌లో ఉబుంటు నడుస్తున్నప్పుడు వచ్చే గ్రబ్ అప్‌డేట్లు కూడా మళ్లీ లోపలి డిస్కులోకే వెళ్తాయి.