గర్భసంచి ఆపరేషన్ తర్వాత మూత్రం కారుతోంది, ఎక్కడికి తీసుకెళ్లాలి?

మాది పర్లాకిమిడి. ఫైబ్రాయిడ్ల (గర్భసంచిలో గడ్డల) వల్ల అమ్మకి గర్భసంచి తీసేశారు. ఇంటికొచ్చిన వారానికి మూత్రం కారడం మొదలైంది. దగ్గితేనో తుమ్మితేనో కాదు, పడుకున్నా కారుతూనే ఉంది. బాత్రూంకి వెళ్తే మామూలుగానూ వస్తోంది. తొడలు ఒరుసుకుపోయాయి. బట్టలు తడుస్తాయని నీళ్లు తాగడమే తగ్గించేసింది, అది చూస్తే నాకు ఇంకా టెన్షన్.

ఆపరేషన్ చేసినచోట "నీరసం, అదే తగ్గుతుంది" అన్నారు. నాకు నమ్మకం కుదరలేదు. ఇంకో డాక్టరమ్మ చూసి, మూత్రాశయానికీ యోనికీ మధ్య ఫిస్టులా (ఉండకూడని రంధ్రం) పడి ఉండొచ్చు, కిడ్నీ నుంచి వచ్చే మూత్రనాళానికి దెబ్బ తగిలినా ఇలాగే కారుతుంది, రంగునీళ్ల పరీక్ష, సీటీ యూరోగ్రామ్ (మూత్రం దారిని చూపే స్కాన్) చేయించమన్నారు.

యూరాలజీకి బరంపురం ఎంకేసీజీ మేలా, విశాఖ కేజీహెచ్ మేలా? మా ఒడిశా ఆరోగ్య కార్డు విశాఖలో చెల్లుతుందా? మీ ఇంట్లో ఎవరికైనా ఇలా అయితే, మళ్లీ ఆపరేషన్ ఎన్నాళ్లాగి చేశారో దయచేసి చెప్పండి.