శాంతికరమై యున్నాడా, శాంతికరుడై యున్నాడా?

ఆమదాలవలస:
గుడ్ ఫ్రైడే ఆరాధనలో మా సంఘ పెద్ద ఒకాయన యోహాను మొదటి పత్రిక 2:2 చూడకుండా చెప్పారు. "ఆయనే మన పాపములకు శాంతికరుడై యున్నాడు" అన్నారు. నాకు గుర్తున్నది "శాంతికరమై". పుస్తకం తీస్తే అచ్చులో ఏముందో తెలిసిపోతుంది, నా ప్రశ్న అది కాదు. మా వైపు చాలామంది నోట "కరుడై" అనే వస్తుంది. ఎందుకలా? ఆ ఒక్క అక్షరంతో అర్థం ఏమైనా మారుతుందా?

టెక్కలి:
మారుతుంది, బాగా మారుతుంది. శాంతికరుడు అంటే శాంతి జరిపించేవాడు, యాజకుడి స్థానం. శాంతికరము అంటే దేనివల్ల శాంతి జరుగుతుందో అది, బలి స్థానం. గ్రీకులో అక్కడున్న మాట హిలాస్మోస్. అది చేసేవాణ్ణి చెప్పదు. "మ" తీసేస్తే బలిపీఠం మీద ఎవరూ ఉండరు, పక్కన యాజకుడు మాత్రం నిలబడి ఉంటాడు. ఇక నోరెందుకు తప్పుతుందంటే, "ఆయనే", "యున్నాడు" రెండూ పుంలింగం. నడుమ "ము" వస్తే నాలుక ఒప్పుకోదు.

పార్వతీపురం:
మాస్టారూ, నాలుక మీద అంత నేరం మోపకండి. "నేనే మార్గమును, సత్యమును, జీవమును" అని చిన్నపిల్లలు కూడా తప్పు లేకుండా చెబుతారు. "ఆయనే నాకు దిక్కు" అని రోజూ అంటాం. పోతే, హిలాస్మోస్ గ్రీకులో పుంలింగ పదమే.

టెక్కలి:
పదం లింగం వేరు, పదం చెప్పే వస్తువు వేరు. సంస్కృతంలో దారశబ్దం పుంలింగం, అర్థం భార్య. ఇది ఈ గుంపులో చెప్పనక్కర్లేదనుకున్నాను.

బొబ్బిలి:
అదే పత్రికలో 4:8 చూడండి. మూలంలో "దేవుడు ప్రేమ" అని ఉంది. మనవాళ్లు "దేవుడు ప్రేమాస్వరూపి" అన్నారు. అంటే దేవుణ్ణి ఒక భావంగా చెప్పడానికి అక్కడ వెనుకాడారు, "స్వరూపి" చేర్చి మనిషిని చేశారు. 2:2 దగ్గర వెనుకాడలేదు. తెలిసి చేసిన పనే అంటాను. రక్తం, బలి అనే మాట కదలకూడదని.

చీపురుపల్లి:
అంత తెలిసి చేస్తే 4:10లో మాట ఎందుకు మార్చారు? గ్రీకులో అక్కడా హిలాస్మోసే. తెలుగులో "మన పాపములకు ప్రాయశ్చిత్తమై యుండుటకు" అని ఉంది. రోమా 3:25లో దాని చుట్టం హిలాస్టేరియన్ వస్తే "కరుణాధారముగా" అన్నారు. అదే మాట హెబ్రీ 9:5లో "కరుణాపీఠము" అయింది. ఆ పీఠం మందసం (పది ఆజ్ఞల పలకలుంచిన పెట్టె) మీది మూత. లేవీయకాండం 16లో ప్రధాన యాజకుడు ఏడాదికొకసారి ఆరాధన గుడారంలో తెర లోపలికి వెళ్లి రక్తం ప్రోక్షించేది దాని మీదే. రోమాలో కూడా "పీఠము" అనే ఉంచితే చదివేవాడికి ఆ తెర, ఆ రక్తం కళ్లముందు నిలిచేవి. "ఆధారము" అనడంతో గుడారమంతా కనబడకుండా పోయింది. నన్నడిగితే "మ", "డు" కన్నా ఇదే పెద్ద నష్టం.

రాజాం:
అందరూ "కరము" దగ్గరే ఉన్నారు. నా దృష్టి "పాపములకు" లోని "కు" మీద. మన వైపు గ్రహానికి, దోషానికి శాంతి చేయిస్తారు. అమ్మవారికీ శాంతి చేస్తారు. దోషానికి శాంతి అంటే అది పోవడం, అమ్మవారికి శాంతి అంటే ఆమె కోపం చల్లారడం. ఒకటే విభక్తి, రెండు అర్థాలు. యోహాను వాక్యంలో "పాపములకు" అన్నారు గానీ "దేవునికి" అనలేదు. కాబట్టి ఇక్కడ పాపం తుడిచివేయడమే చెబుతున్నారు, దేవుని ఉగ్రత చల్లార్చడం కాదు.

టెక్కలి:
ఈ వాదం ఇంగ్లీషు పండితుల్లో ఎప్పుడో జరిగింది. 1931లో సి. హెచ్. డాడ్ మీరన్నదే అన్నాడు. లియాన్ మారిస్ దాన్ని గట్టిగా ఖండించాడు. రోమా 1:18లో దేవుని కోపంతో మొదలైన వాదన 3:25 దగ్గరకొచ్చేసరికి ఆ కోపాన్ని మరిచిపోతుందా? యెషయా 53:5 "మన సమాధానార్థమైన శిక్ష అతనిమీద పడెను" అంటుంది. శిక్ష అన్న చోట కోపం లేదనలేం.

రాజాం:
కోపం లేదని నేననలేదు. అయితే అమ్మవారి దగ్గర బలి తెచ్చేది ఊరు. ఇక్కడ 4:10 చూడండి, "తన కుమారుని పంపెను" అని దేవుడే తెచ్చాడు. కోపించినవాడే బలి ఇచ్చుకుంటే "చల్లార్చడం" అనే మాట సరిపోతుందా? నాకు సరిపోయినట్టు లేదు. ఈ మాట బోధించేటప్పుడు తండ్రి కోపిష్ఠి, కుమారుడు దయామయుడు అన్నట్టు వినబడితే నాకు మనసు చివుక్కుమంటుంది.

విజయనగరం కోట:
పురుషోత్తమ చౌదరిగారిని తలవకుండా ఇంత దూరం వచ్చామా? పర్లాకిమిడి దగ్గర పుట్టిన మన కవి. "త్రాహిమాం క్రీస్తునాథ" అన్నాక ఎవరైనా శాంతికరము, ప్రాయశ్చిత్తము అని విడదీస్తారా? ఆపదలో ఉన్నవాడు పిలిచేది మనిషిని. నోటికి "కరుడై" రావడానికి అసలు కారణం ఇదని నా నమ్మకం. ఆ కీర్తనలు పాడి పెరిగిన నోళ్లు అవి.

బొబ్బిలి:
"త్రాహిమాం" అచ్చమైన సంస్కృత శరణాగతి. 19వ శతాబ్దంలో మన తీరంలో ఒక భక్తుడు ఆ మాటను అలాగే తీసుకుని క్రీస్తుకు అర్పించాడు, పరాయిగా అనిపించలేదు. ఆయన గురించి వేరే చర్చ పెట్టాలి. రాగాలతో సహా.

చీపురుపల్లి:
తప్పక పెట్టండి. ఇక్కడి విషయానికొస్తే, ఈ వాక్యం మొదట ఎలా అచ్చయిందో చూడాలి. 1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషనరీలు క్రాన్, డేగ్రాంజి ఆనందరాయరు సాయంతో అనువాదం మొదలుపెట్టారు. 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయినవి మత్తయి, మార్కు, లూకా మాత్రమే. యోహాను పత్రికలకు 1818 మద్రాసు కొత్త నిబంధన చూడాలి, ప్రిచెట్ పూర్తి చేసినది. ఆ పుట ఎవరి దగ్గరైనా ఉంటే ఫొటో పెట్టండి.

ఆమదాలవలస:
మా పెద్దాయనకు ఈ చర్చ చదివి వినిపించాను. "యాజకుడూ ఆయనే, బలీ ఆయనే, హెబ్రీ పత్రిక చెప్పింది అదే కదా, డు అంటే ఏం పోయింది?" అన్నారు.

టెక్కలి:
హెబ్రీ పత్రిక చెప్పినది హెబ్రీ పత్రికలో చదువుదాం. యోహాను ఇక్కడ ఏమన్నాడన్నదే ప్రశ్న. పై వాక్యంలోనే (2:1) "ఉత్తరవాది", అంటే మన పక్షాన వాదించేవాడు, అని మనిషిని చెప్పాడు, వెంటనే మాట మార్చాడు. ఆ మార్పు ఊరికే చేసింది కాదు.

రాజాం:
"ఉత్తరవాది" ఎవరి ముందు వాదిస్తాడు మాస్టారూ? "తండ్రియొద్ద" అని ఉంది. ఇప్పుడు "కు" గురించి మళ్లీ చెప్పండి.