45 శాతం తగ్గింపు అంటే పొగ తగ్గుతుందా, పెరుగుతుందా?

మాది పలాస దగ్గర ఊరు. డిగ్రీ చదువుతున్న మా చెల్లి సోమవారం కాలేజీలో వాతావరణ మార్పు మీద సెమినార్ ఇవ్వాలి, నన్నేమో అర్థమయ్యేలా చెప్పమని కూర్చోబెట్టింది. నాకే సగం అర్థం కావట్లేదు, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

2005తో పోలిస్తే 2030 నాటికి జీడీపీలో ఉద్గారాల తీవ్రతను (అంటే దేశం సంపాదించే ఒక్కో రూపాయికి వచ్చే పొగను) 45 శాతం తగ్గిస్తామని మన దేశం 2022లో చెప్పింది కదా. నేను ఇలా లెక్కేశా: అప్పట్లో వంద రూపాయల సంపాదనకు వంద కిలోల పొగ అనుకుంటే, 2030కి 55 కిలోలే రావాలి. కానీ సంపాదన మూడు వందలైతే పొగ 165 కిలోలు అవుతుంది! అంటే మొత్తం పెరిగినా మాట నిలబెట్టుకున్నట్టేనా? నా లెక్క తప్పా?

రెండోది, 2025లోనే మన దేశ కరెంటు సామర్థ్యంలో (అంటే ప్లాంట్లన్నీ కలిపి తయారుచేయగలిగిన దాంట్లో) సగం బొగ్గు, గ్యాస్ లాంటివి కాని వాటి నుంచే అన్నారు. మరి వాడే కరెంటులో ఎక్కువ భాగం ఇంకా బొగ్గుదే ఎందుకు? సోలార్ రాత్రి పనిచేయదు కాబట్టేనా, ఇంకేమైనా ఉందా?

మా నాన్న అయితే 2018 తిత్లీ తుపానుకు జీడితోట పోయినప్పటి నుంచి ఒకటే మాట, పొగ వదిలింది పెద్ద దేశాలు, చెట్లు పోయింది మనవి అని. తలసరి చూస్తే మన దేశం వదిలే పొగ ప్రపంచ సగటులో సగం కూడా లేదు, ఆ మాట నిజమే. అలాంటప్పుడు మన దేశం పెట్టుకున్న 2070 నెట్ జీరో (వదిలే పొగ, వెనక్కి పీల్చుకునే పొగ సమానం కావడం) గడువు ఆలస్యమా, న్యాయమా? రెండు వైపులా ఏం చెప్పాలో చెప్పండి, క్లాసులో ఎవరైనా అడిగితే టెన్షన్ పడకుండా ఉంటుంది.