మొదటి గేరు బండిగా హీరో ఎక్స్‌పల్స్ 210 తీసుకోవచ్చా? (బెంగళూరు, నా ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు)

కొత్త క్లచ్:
అందరికీ నమస్కారం. మాది పులివెందుల దగ్గర పల్లె, ఉద్యోగం వైట్‌ఫీల్డ్‌లో. ఇన్నాళ్లూ స్కూటరే నడిపాను. ఊళ్లో మామయ్య బండి మీద గేర్లు మార్చడం నేర్చుకున్నాను కానీ దాన్ని నగరంలో నడిపే ధైర్యం చేయలేదు. రోజూ ఆఫీసుకు వెళ్లాలి. సెలవు దొరికితే లేపాక్షి, హార్స్‌లీ హిల్స్, గండికోట వైపు వెళ్లాలి. ఊరికి పోయినప్పుడు తోట దాకా మట్టిదారిలో బండి మీదే పోవాలని కోరిక. అన్ని ఖర్చులూ కలిపి రెండున్నర లక్షలు దాటకూడదు. రోడ్డు మీదా మట్టిలోనూ నడిచే బండి కదా అని షోరూములో ఎక్స్‌పల్స్ 210 ఎక్కి కూర్చుంటే మునివేళ్లు మాత్రమే నేలకు ఆనాయి. సీటు ఎత్తు 830 మిల్లీమీటర్లట. అమ్మే అబ్బాయి అలవాటైపోతుందన్నాడు. వెంట వచ్చిన స్నేహితుడు ముందు ఒక పాత కమ్యూటర్ (రోజువారీ తిరగడానికి వాడే చిన్న బండి) కొని ఏడాది నడిపి చూడమన్నాడు. ఎవరి మాట వినాలి?

పాత స్ప్లెండర్:
మీ స్నేహితుడి మాట. స్కూటర్ నుంచి వచ్చేవాళ్లకు ఎడమచేయి, ఎడమకాలు కలిసి పనిచేయడమే పెద్ద చదువు. ఆ చదువు సిల్క్ బోర్డు కూడలి దగ్గర, వెనక సిటీ బస్సు హారన్ కొడుతుంటే, మునివేళ్ల మీద నిలబడి చదవాలా? సెకండ్ హ్యాండ్ వంద సీసీ బండి తీసుకోండి. బరువు నూట పది కిలోల చిల్లర. కాలు జారినా చేత్తో ఆపుకోవచ్చు. నేర్చుకునే రోజుల గీతలన్నీ దాని మీదే పడతాయి. ఏడాది తర్వాత అమ్మితే పెద్దగా పోయేది కూడా ఉండదు.

మట్టిదారి:
పెద్దలతో నేను ఏకీభవించను. క్లచ్ వదలడం ఏ బండి మీదైనా రెండు మూడు వారాల్లో వస్తుంది. దానికోసం ఏడాది ఎందుకు? పైగా వంద సీసీ బండి నేర్పేది వేరు, ఇది అడిగేది వేరు. ముందు చక్రం 21 అంగుళాలు. గుంతలో పడకుండా దాని మీదుగా దొర్లిపోతుంది, కానీ మలుపు తిరగడంలో చిన్న చక్రమంత చురుకు ఉండదు. సస్పెన్షన్ ప్రయాణం, అంటే చక్రం పైకీ కిందికీ కదిలే దూరం, ముందు 210 మిల్లీమీటర్లు. ముందు బ్రేకు గట్టిగా పట్టుకుంటే బండి ముక్కు కిందికి దిగుతుంది. కొత్తవాళ్లు దానికే ఉలిక్కిపడతారు. ఈ రెండూ ఈ బండి మీదే అలవాటు కావాలి.

ఇక ఎత్తు సంగతి. 830 అనేది ఖాళీ బండి కొలత. మనిషి కూర్చోగానే వెనక స్ప్రింగు కొంత నొక్కుకుపోతుంది. పొడవాటి సస్పెన్షన్ ఉన్న బండి మామూలు బండి కంటే ఎక్కువే దిగుతుంది. ప్రీలోడ్ (ఆ స్ప్రింగును ముందే బిగించి ఉంచే బిగువు) కాస్త వదులు చేయిస్తే ఇంకొంచెం కిందికి వస్తుంది. రెండు కాళ్లూ ఆనాలన్న పట్టుదల వదిలేయండి. ఆగేటప్పుడు కుడికాలు వెనక బ్రేకు మీద ఉండాలి. నడుము సీటు మీద ఎడమవైపు ఒక అంగుళం జరగాలి. ఎడమపాదం పూర్తిగా ఆనితే చాలు. ఒక్క జాగ్రత్త: వెనక సస్పెన్షన్‌కు ఎత్తు తగ్గించే లింకులు (వేరే కొలత పట్టీలు) వేయిస్తామని మెకానిక్ అంటే ఒప్పుకోకండి. నేలకూ బండికీ మధ్య 220 మిల్లీమీటర్లు ఉన్నాయని కొనుక్కుంటున్న బండి అది. లింకులు వేస్తే ఆ 220 తగ్గిపోతుంది, కిందికి దిగిన బండికి సైడు స్టాండు పొడవైపోయి బండి నిటారుగా నిలబడుతుంది, ఎప్పుడు అవతలి పక్కకు పడుతుందో తెలియదు.

హోసూరు రోడ్డు:
నా ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు. నడిపేది ఎక్స్‌పల్స్ 200 4వీ, సీటు 825. కాబట్టి ఇక్కడ ఎత్తు గురించి మాట్లాడే హక్కు అందరికంటే నాకే ఎక్కువ. మట్టిదారి గారు చెప్పింది చదునైన రోడ్డు మీద నిజం. బెంగళూరులో చదును ఎక్కడుంది? తమ్ముడూ, మీ అపార్ట్‌మెంటు బేస్‌మెంటు ర్యాంపు ఎలా ఉందో ముందు అది చెప్పండి.

మాది సిమెంటు ర్యాంపు, అడ్డంగా గాడులు కోసి ఉంటాయి, సగంలో మలుపు. పైన సెక్యూరిటీ గేటు మూసి ఉంటే ఆ మలుపులోనే ఆగాలి. ఎడమపాదం ఆనాల్సిన చోట నేల నాలుగు అంగుళాలు కిందికి ఉంటుంది. కాలు చాపితే గాలి తగులుతుంది, నేల తగలదు. నేను పట్టుకున్న ఉపాయం: ఆగక తప్పదనిపిస్తే గోడ పక్కకు, ఎత్తుగా ఉన్న వైపుకు జరిగి, ఆ వైపు కాలే దించుతాను. మళ్లీ కదిలేటప్పుడు వెనక బ్రేకు తొక్కిపట్టి, క్లచ్ బండిని లాగుతోందని చేతికి తెలిశాకే బ్రేకు వదులుతాను. అందుకు కుడికాలు పెడలు మీదే ఉండాలి. అంటే ఎడమవైపు నేల ఎత్తుగా ఉండాలి. కుడివైపు ఎత్తుగా ఉన్న ర్యాంపయితే ముందు బ్రేకుతో అదే పని చేయాలి, అప్పుడు కుడిచేతికి బ్రేకూ యాక్సిలరేటరూ రెండూ ఒకేసారి పని. కొత్తవాళ్లు బండి పడేసేది కొండల్లో కాదు, ఇక్కడే.

పాత స్ప్లెండర్:
చూశారా, నేనన్నది ఇదే కదా!

హోసూరు రోడ్డు:
మీరన్నది కాదండీ. మీరు ఏడాది ఆగమన్నారు. నేను ర్యాంపు చూసుకోమన్నాను.

లెక్కల పుస్తకం:
ఎత్తుల గొడవ కాసేపు పక్కన పెట్టి డబ్బు చూద్దాం. ఎక్స్‌పల్స్ 210 2025 జనవరిలో వచ్చినప్పుడు మొదటి రకం షోరూము ధర లక్షా డెబ్బై ఆరు వేల దగ్గర ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. 350 దాటిన బండ్లకు సెస్సుతో కలిపి 31 ఉండేది 40 అయింది. కొనేవాళ్లకు 350 దగ్గర ఇప్పుడొక గోడ ఉందన్నమాట. దాని మీద కర్ణాటక జీవితకాల పన్ను: లక్ష దాటిన బండికి 18 శాతం, ఆ పన్ను మీద మళ్లీ సెస్సు. థర్డ్ పార్టీ బీమాలోనూ అదే గోడ. 2022 జూన్‌లో వచ్చిన రేట్ల ప్రకారం 150 నుంచి 350 సీసీ దాకా ఏడాదికి 1,366 రూపాయలు, 350 దాటితే 2,804. కొత్త బండికి అయిదేళ్లది ఒకేసారి కట్టాలి.

ఇంకో మాట. మన ఊళ్లో కొని ఆంధ్ర నంబరుతో ఇక్కడ తిప్పుదామని ఎవరైనా సలహా ఇస్తారు. వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచితే అక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించాలని మోటారు వాహనాల చట్టంలోనే ఉంది. ఇక్కడే స్థిరపడేవాళ్లు ఇక్కడే కొనడం మేలు.

రెండున్నర లక్షల్లో హెల్మెట్టు, జాకెట్టు, గ్లవ్స్, చీలమండ కప్పే బూట్లు కూడా లెక్కేసుకున్నారా? చాలామంది వేసుకోరు.

నల్లమల గాలి:
ఎవరూ అనడం లేదు కాబట్టి నేనే అంటాను. సెకండ్ హ్యాండ్ రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 తీసుకోండి. 2016లో వచ్చిన బండి, ఇప్పుడు మంచివి దొరుకుతున్నాయి. సీటు 800 మిల్లీమీటర్లే. మీ ఎత్తు సమస్య అక్కడితో సరి. 32 న్యూటన్ మీటర్ల టార్కు (లాగే బలం) ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడే అందుతుంది. క్లచ్ సరిగ్గా వదలకపోయినా ఇంజను అంత తేలిగ్గా ఆగిపోదు. కొత్తవాళ్లను ఇంతగా క్షమించే ఇంజను ఈ ధరలో మరొకటి లేదు. గండికోట దాకా గంటకు తొంభై వేగంలో హాయిగా పోవచ్చు.

మట్టిదారి:
బరువు చెప్పకుండా దాటేశారు. చివరి 411లు 199 కిలోలు, ఎక్స్‌పల్స్ 210 సుమారు 170. నిలబడి ఉన్నప్పుడు ఆ తేడా తెలియదు. ఒరిగినప్పుడు తెలుస్తుంది. కొత్త క్లచ్ గారూ, మట్టిలో బండి పడటం ఖాయం. ఒంటరిగా ఎత్తగలరా అన్నదే అసలు ప్రశ్న. బండికి వీపు ఆనించి, ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో సీటు వెనక ఉండే కడ్డీ (గ్రాబ్ రైలు) పట్టుకుని, మోకాళ్లతో నెడుతూ వెనక్కి అడుగులు వేయాలి. కుడివైపు పడి ఉంటే ఎత్తే ముందే సైడు స్టాండు దించి, గేరులో పెట్టాలి. లేకపోతే ఎత్తిన ఊపుకు అవతలికి పడుతుంది. 170 కిలోలతో ఇది చేయొచ్చు. 200 కిలోలతో మీ తోట దారిలో మధ్యాహ్నం ఎండలో చేసి చూడండి.

నల్లమల గాలి:
పడేస్తామని ముందే అనుకుని బండి కొంటారా ఎవరైనా? ఆయన రోజూ నడిపేది వైట్‌ఫీల్డ్‌లో. మట్టిదారి ఏడాదికి ఎన్ని రోజులు?

మట్టిదారి:
వైట్‌ఫీల్డ్ మట్టిదారి కాదని ఎవరన్నారు? వర్తూరు వైపు వర్షం పడ్డాక వచ్చి చూడండి.

మైసూరు పాక్:
ఈ గొడవలో హైవే సంగతి మరిచిపోయారు. బెంగళూరు–మైసూరు ఎక్స్‌ప్రెస్ వే ప్రధాన మార్గంలోకి 2023 ఆగస్టు 1 నుంచి ద్విచక్ర వాహనాలకు ప్రవేశం లేదు. సర్వీసు రోడ్డులో పోవాలి. 450 సీసీ బండి కొని నూట ఇరవై వేగంలో మైసూరు పోదామనే కల అక్కడే ఆగిపోతుంది. హిందూపురం, లేపాక్షి, మదనపల్లె దారులకు ఇరవై చిల్లర హార్స్‌పవర్ చాలు. అన్నట్టు ఎక్స్‌పల్స్ తయారుచేసే హీరో జట్టు 2024 డకార్ ర్యాలీలో (ఎడారుల్లో జరిగే పేరున్న పోటీ) రెండో స్థానం సాధించింది. అది చూసి నేనూ ఎక్స్‌పల్స్ వైపే.

లెక్కల పుస్తకం:
డకార్‌లో పరుగెత్తింది 450 సీసీ ర్యాలీ యంత్రం. మనకు రశీదు రాసేది దానికి కాదు.

కొత్త క్లచ్:
అందరికీ ధన్యవాదాలు. హోసూరు రోడ్డు అక్కా, మా ర్యాంపు తిన్ననిదే, మలుపు లేదు కానీ పైన గేటు ఉంది. ఆఫీసులో ఇద్దరు వేరే పేర్లు చెప్పారు. ఒకరు సుజుకీ వీ-స్ట్రోమ్ ఎస్ఎక్స్, ఒకరు కవాసకి కేఎల్ఎక్స్ 230. ఇవి ఎలా ఉంటాయి?

మట్టిదారి:
కేఎల్ఎక్స్ బరువు 139 కిలోలే, మట్టిలో దానికి సాటి లేదు. కానీ సీటు 880 మిల్లీమీటర్లు, ట్యాంకు 7.6 లీటర్లు. 830కే మునివేళ్లు ఆనిన మీరు దాని మీద ర్యాంపులో ఆగలేరు. గండికోట పోతే దారంతా పెట్రోలు బంకులు వెతుక్కోవాలి. వీ-స్ట్రోమ్ మంచి ప్రయాణపు బండి. 250 సీసీ, ముందు 19 అంగుళాల అల్లాయ్ చక్రం, ట్యూబ్‌లెస్ టైరు. మీ తోట దారి గుండ్రాళ్లూ గోతులూ అయితే ఎక్స్‌పల్స్, ఒట్టి మెత్తటి మట్టి అయితే వీ-స్ట్రోమ్ చాలు.

నల్లమల గాలి:
వీ-స్ట్రోమ్ మంచి బండి అన్న ఈ ఒక్క విషయంలో మట్టిదారితో కలుస్తాను, ఇంకో కారణంతో. ఎక్స్‌పల్స్‌వి స్పోకు చక్రాలు, లోపల ట్యూబు. మన కడప జిల్లా దారుల్లో సర్కారు తుమ్మ ముల్లు ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పాలా? ట్యూబ్‌లెస్ అయితే ముల్లు గుచ్చుకున్న చోట రబ్బరు పట్టీ దూర్చి, గాలి కొట్టి పది నిమిషాల్లో బయలుదేరొచ్చు. ట్యూబు అయితే చక్రం విప్పాలి. స్పోకు రింగు రాయికి తగిలి వంగితే ఏ ఊళ్లోనైనా సరిచేస్తారు, అల్లాయ్ పగిలితే కొత్తది కొనాలి, అదీ ఒప్పుకుంటాను. అయినా ముల్లు రోజూ ఉంటుంది, రాయి ఎప్పుడో ఉంటుంది.

చెరువు గట్టు:
మట్టిదారి, మట్టిదారి అంటున్నారు, ఎక్కడి మట్టి? బెంగళూరు చుట్టూ వీడియోల్లో కనిపించే సగం బాటలు రిజర్వు అటవీ భూములు. అనుమతి లేకుండా బండి తీసుకెళితే కేసు పెడతారు, బండి స్వాధీనం చేసుకుంటారు. మిగతా సగం ఎవరో ఒకరి పొలం గట్లు. రాగి కోసిన చేలో చక్రాల జాడలు చూస్తే రైతుకు ఎలా ఉంటుందో పల్లె నుంచి వచ్చినవాళ్లకు తెలియాలి. సరదాగా మట్టిలో తిరగాలనుకుంటే డబ్బు కట్టి నేర్చుకునే చోటుకు వెళ్లండి. 2015లో డకార్ ర్యాలీ పూర్తిచేసిన తొలి భారతీయుడు సి.ఎస్. సంతోష్ నడిపే బిగ్‌రాక్ డర్ట్ పార్క్ కోలారు వైపే ఉంది. అక్కడి బండ్ల మీదే పడొచ్చు, లేవొచ్చు. బండి కొనకముందే ఒకరోజు వెళ్లి రావడం నా దృష్టిలో వీటన్నిటికంటే తెలివైన ఖర్చు.

పాత స్ప్లెండర్:
ఇది బాగుంది. నా పాత బండి సలహా వెనక్కి తీసుకోను కానీ, శిక్షణ తీసుకుంటే ఏడాదిని మూడు నెలలకు తగ్గిస్తాను.

హోసూరు రోడ్డు:
ఇన్ని లెక్కల తర్వాత నా మాట ఒక్కటే. షోరూము ముందు చదునైన రోడ్డు మీద తిప్పి ఇచ్చే టెస్ట్ రైడు దేనికీ పనికిరాదు. ఇంటికి తెచ్చి చూపించమని అడగండి, కొన్ని షోరూములు తెస్తాయి. కొనబోయే బూట్లే వేసుకుని, మీ ర్యాంపులో గేటు మూయించి, సగంలో ఆపి మళ్లీ కదిలించి చూడండి. పక్కన ఇద్దరిని నిలబెట్టుకోండి, షోరూము అబ్బాయిని కాదు, మీ స్నేహితులను. అది వస్తే ఎక్స్‌పల్స్ తీసుకోండి. రాకపోతే నల్లమల గాలి గారి 411 చూడండి, సీటు అంగుళం పైన తగ్గుతుంది. అప్పుడు బరువు మాట మట్టిదారి గారితో తేల్చుకోండి.

నల్లమల గాలి:
411 చూడటానికి వెళితే బండిని మెయిన్ స్టాండు మీద నిలబెట్టి, ముందు చక్రం గాలిలో ఉండగా హ్యాండిల్‌ను వేలితో అటూ ఇటూ తిప్పండి. మధ్యలో ఎక్కడైనా ఆగి పట్టుకున్నట్టు అనిపిస్తే కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగు) పోయినట్టే, ధర తగ్గించి అడగండి. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు గొట్టాల మీద నూనె జిడ్డు ఉందేమో చూడండి. ఆర్సీలో బ్యాంకు అప్పు పేరు ఇంకా ఉంటే నిరభ్యంతర పత్రం చేతికి వచ్చేదాకా పైసా ఇవ్వకండి.

కొత్త క్లచ్:
ఆదివారం ఉదయం బండి మా అపార్ట్‌మెంటుకు తెస్తామని షోరూమువాళ్లు ఒప్పుకున్నారు. సెక్యూరిటీ అన్నకు గేటు సంగతి చెప్పాను. అక్కా, ఒక సందేహం: మా ర్యాంపుకు ఎడమ పక్కన నీళ్ల కాలువ ఉంది, గోడ కుడివైపే. మరి ఏ కాలు దించాలి?

హోసూరు రోడ్డు:
కుడికాలు. ముందు బ్రేకు పట్టుకుని ఆగండి, కదిలేటప్పుడూ అదే, చూపుడు వేలూ మధ్య వేలూ బ్రేకు మీద, మిగతా చేయి యాక్సిలరేటరు మీద. శనివారమే మీ స్కూటరు మీద అదే చోట సాధన చేయండి, దానికీ కుడిచేతి బ్రేకు ముందుదే.