ఘనీభవనం: పాతపట్నంలో గడ్డ, పర్లాకిమిడిలో మబ్బు

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి, ఒడిశాలో ఆంధ్ర సరిహద్దు ఊరు. దసరా సెలవులకి మా చెల్లెలు పాతపట్నం నుంచి పిల్లాణ్ణి తీసుకుని వచ్చింది. వాడు అక్కడ తెలుగు మీడియంలో ఏడో తరగతి. మా అమ్మాయిదీ ఏడే, కాకపోతే ఇక్కడ ఒడియా మీడియం. ఇద్దరూ అరుగు మీద కూర్చుని ఒకర్నొకరు ప్రశ్నలు అడుక్కుంటూ ఒక మాట దగ్గర దెబ్బలాటకి దిగారు. ఆ మాట ఘనీభవనం.

నీళ్ళు ఐసు అవడం అంటాడు మేనల్లుడు. కాదు, ఆవిరి నీళ్ళవడం అంటుంది మా అమ్మాయి. పిల్లే పొరబడిందనుకుని సర్దిచెప్పబోయాను. లోపలికెళ్ళి పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. బాష్పీభబన, దాని తరవాత ఘనీభబన. సముద్రం నీరు ఆవిరై పైకెళ్ళి, చల్లబడి మబ్బు కట్టడానికి వాళ్ళు పెట్టుకున్న పేరది. మనవాడి పుస్తకంలో ఆ పనికి పేరు సాంద్రీకరణం. ఘనీభవనం అంటే ద్రవం ఘనం కావడం. ఇద్దరూ సరిగ్గానే చదివారు. నాకే రెండు రోజులు నిద్ర పట్టలేదు.

మూడు స్థితుల పేర్లూ అంతే. మనకి ఘన, ద్రవ, వాయు స్థితులు. ఒడియాలో కఠిన, తరళ, గ్యాసీయ. తెలుగు చెవికి కఠినం అంటే కష్టం, కటువు. తరళం అంటే వణికేది, చలించేది, తరళాక్షి అంటాం. పద్యాలు రాసేవాళ్ళకైతే తరలం ఒక వృత్తం: న భ ర స జ జ గ గణాలు, పన్నెండో అక్షరం యతి. గిన్నెలో నీళ్ళు తొణికే తీరు చూస్తే ఒడియా వాళ్ళు ద్రవానికి తరళ అని పేరు పెట్టడం నాకు ఎంతో నచ్చుతుంది.

సరే, ఘనం దగ్గరికొద్దాం. ఇది సంస్కృతంలో కొట్టడం అనే అర్థమున్న హన్ ధాతువు నుంచి వచ్చిన మాట. సందు లేకుండా దట్టంగా, గట్టిగా ఉన్నది ఘనం. అక్కణ్ణించే మనం పెళ్ళి ఘనంగా చేస్తాం, పెద్దమనిషిని ఘనుడంటాం. లెక్కల్లో ఘనమూలం తీస్తాం. ఘనం అంటే మబ్బు కూడా. ఘనశ్యాముడంటే మబ్బులాగా నల్లనివాడు. ఇక్కడే నాకు ఒళ్ళు జలదరించింది. ఆవిరి మబ్బు కావడాన్ని ఘనీభవనం అంటే అది అక్షరాలా ఆవిరి ఘనం కావడమే కదా! ఆషాఢంలో మా వైపు నుంచి మహేంద్రగిరిని చూసినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. బంగాళాఖాతం మీంచి వచ్చిన తడిగాలి 1,501 మీటర్ల కొండ ఎక్కాలి. పైకి పోయేకొద్దీ ఒత్తిడి తగ్గి గాలి వ్యాకోచిస్తుంది, వ్యాకోచించిన గాలి చల్లబడుతుంది. మబ్బు కట్టేదాకా కిలోమీటరుకి ఇంచుమించు 10 డిగ్రీల లెక్కన. ఒక ఎత్తుకి వచ్చేసరికి అందులోని ఆవిరి ఆవిరిగా నిలవలేదు. అందాకా ఏమీ కనబడని చోట తెల్లగా మబ్బు పుడుతుంది.

ఇంకో సంగతి. దట్టపడటమే ఘనీభవనం అయితే లెక్క ఒడియా పుస్తకం వైపే మొగ్గుతుంది. 100 డిగ్రీల దగ్గర ఆవిరి నీరైతే దాని ఘనపరిమాణం ఇంచుమించు 1,600 వంతుల్లో ఒక వంతుకి పడిపోతుంది. అదే నీరు ఐసైతే దట్టపడటం మాట అటుంచి, 9 శాతం దాకా పెరుగుతుంది. నిండా నీళ్ళు పోసి ఫ్రీజర్లో పెట్టిన సీసా పగిలేది అందుకే, ఐసు నీళ్ళ మీద తేలేదీ అందుకే. అంటే ఘనీభవించిన నీరు నీటికన్నా తక్కువ ఘనం! మన పుస్తకం తప్పని నేననను. మనవాళ్ళు ఘనాన్ని గట్టిదనం అనే అర్థంలో తీసుకున్నారు, వాళ్ళు దట్టదనం అనే అర్థంలో తీసుకున్నారు. ఆ రెండూ ఆ మాట కడుపులోనే ఉన్నాయి.

మరి పిల్లలకి ఏం చెప్పాలి? ఈ ఆలోచనలో ఉండగానే వంటింట్లోంచి మా అమ్మ కేకేసింది: "పులుసు ఇగిరిపోనాది, చూసుకోండర్రా!"

నాకు దారి దొరికింది. పొయ్యి మీద నీరు పైకిపోయి గుజ్జు మిగిలితే ఇగిరింది అంటాం. బట్టల తడి పోతే ఆరింది. చెరువులో నీళ్ళు పోతే ఎండింది. ఈ మూడింటినీ పుస్తకం బాష్పీభవనం అన్న ఒక్క గంపలో వేసేస్తుంది. మడిలో పెట్టిన నీళ్ళు మట్టిలోకి పోతే మాత్రం ఇంకాయి అంటాం. అక్కడ స్థితి మారలేదు, నీరు నీరుగానే కిందకి దిగింది. ఇగరడం, ఇంకడం తెలిసిన పిల్లకి ఈ తేడా ఎవరూ నేర్పనక్కర్లేదు. అలాగే నెయ్యి పేరుతుంది, నీరు గడ్డకడుతుంది. చలికాలం పొద్దున్న సీసాలో పేరిన నెయ్యిని చూడండి, నడిమధ్య చిన్న గుంట ఉంటుంది. పేరేటప్పుడు నెయ్యి కుంచించుకుంటుంది, నీటికి ఎదురుచాలు. ఇక ఆవిరి నీరు కావడానికి? గ్లాసుకి చెమట పట్టింది, గోడ చెమ్మగిల్లింది, కళ్ళు చెమర్చాయి. కళ్ళ సంగతి వేరు, అది లోపల్నించి ఊరిన నీరు. చల్లటి గ్లాసు మీది చెమట మాత్రం గ్లాసులోది కాదు, చుట్టూ ఉన్న గాలిలోది.

అసలు బాష్పం అన్న మాటే రెండు పడవల మీద ఉంది. ఆవిరీ బాష్పమే, కన్నీరూ బాష్పమే. ఆనందబాష్పాలు ద్రవం, బాష్పవాయువు ప్రయోగంలో వాయువు మనుషుల కళ్ళలో ద్రవం తెప్పిస్తుంది.

నా మనవి ఒక్కటే. సంస్కృత పదాలు తీసెయ్యమనను. పిల్లకి ముందు ఇంటి క్రియ చూపించి, ఆ తరవాత దాని మీద పుస్తకం పేరు అతికించండి. అప్పుడు ఏ మీడియంలో ఏ పేరున్నా తడబడదు. మరుగుస్థానం అని మన పుస్తకాల్లో ఎప్పణ్ణించో ఉంది. మరుగు ఇంటి మాటే కదా, పరీక్ష పేపర్లో హుందాగానే కూర్చుంది. వాడుక భాష కోసం అంత పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన ఊళ్ళో ఉండి ఈ మాత్రమైనా అనకపోతే ఎలా?

మీ మీ ఊళ్ళలో ఈ క్రియలు ఎలా అంటారో రాయండి.

జయపురం నుంచి:
మాస్టారూ, మరగడం, ఉడకడం కూడా కలపండి. మా అత్తవారు పార్వతీపురం వాళ్ళు. మా అత్త మొదటిసారి మా కొరాపుట్ ఇంటికొచ్చి కందిపప్పు వేసి, "నీళ్ళు మరిగి గంటయినాది, పప్పు ఉడకలేదేటి?" అని పప్పుని అనుమానించింది. పప్పు మంచిదే. కొరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది. గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. ఎంత మంట పెట్టినా అంతకన్నా వేడెక్కవు, ఆ మంటంతా నీటిని ఆవిరి చెయ్యడానికే పోతుంది. దేవమాలి కొండ మీదైతే ఇంకో రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. కుక్కర్లో పెడితే ఒత్తిడి పెరిగి 120 దాకా ఎక్కుతుంది, పప్పు చెప్పిన మాట వింటుంది. మరిగేది నీరు, ఉడికేది పప్పు, కాగేది నూనె, పొంగేవి పాలు. నాలుగింటికీ నాలుగు క్రియలున్న భాష మనది.

సిరొంచ నుంచి:
మాది మహారాష్ట్ర వైపు, గడ్చిరోలి జిల్లా. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. మాకు స్థితులు స్థాయూ, ద్రవ, వాయూ. ఆవిరి నీరవడం సాంద్రీభవన్. కానీ గడ్డకట్టడానికి వాళ్ళు గోఠణే అంటారు. అది వంటింట్లో అమ్మలనే మాటే. దాన్నే పుస్తకంలోనూ పెట్టి గోఠణబిందూ అన్నారు. మీరు మరుగుస్థానం గురించి రాసింది చదవగానే అదే గుర్తొచ్చింది. మనం గడ్డకట్టు స్థానం అంటే పలకడానికి ఏం ఇబ్బంది?

బరంపురం నుంచి:
నాకు ఒప్పుదల లేదు, క్షమించాలి. నలభై ఏళ్ళు ఒడియా బడిలో సైన్సు చెప్పాను, ఇంట్లో తెలుగు చెప్పాను. బాష్పీభవనం అన్న మాట వల్లే మా పిల్లలు ఒడియా పుస్తకం, తెలుగు పుస్తకం, మరాఠీ పుస్తకం ఏది ఇచ్చినా అందుకోగలరు. ఇగరడం అని నేర్పితే సరిహద్దు దాటగానే అది చెల్లదు. మా సముద్రపు గాలికి మేం ఉక్క అంటాం. చెమట పడుతుంది, ఆరదు, ఎందుకంటే గాలిలో అప్పటికే తేమ నిండి ఉంది. ఒక్క మాటలో అంత భౌతికశాస్త్రం ఉంది, నిజమే. కానీ ఆ మాటని జవాబు పత్రంలో రాయలేం కదా.

టపా రాసినవారు:
బరంపురం మాస్టారూ, మీ అనుభవం ముందు నేను చిన్నవాణ్ణి. బాష్పీభవనం విషయంలో మీరన్నది పూర్తిగా ఒప్పుకుంటున్నా. ఘనీభవనం దగ్గరే నా బాధ. రెండు వైపులా ఒకే మాట, రెండు అర్థాలు. ఒడియా బడిలో నేర్చిన పిల్ల తెలుగు పేపరు రాస్తే ఆ పోలికే ముంచుతుంది. అందుకే జవాబు పత్రంలో పుస్తకం మాటే రాయనివ్వండి, బుర్రలో మాత్రం చెమ్మగిల్లడం, గడ్డకట్టడం వేర్వేరుగా ఉండనివ్వండి. ఉక్క గురించి మీరు రాసింది మా అమ్మాయికి చదివి వినిపించాను. చెమట ఆరేటప్పుడు ఒంటి వేడి పట్టుకుపోతుంది, ఆరకపోతే ఆ వేడి ఒంట్లోనే ఉండిపోతుంది అని అదే విడమరిచి చెప్పింది.

రాయగడ నుంచి:
గ్యాసీయ అన్న మాట గురించి ఎవరూ రాయలేదు. గ్యాస్ అన్న పదాన్ని 17వ శతాబ్దంలో వాన్ హెల్మాంట్ అనే ఆయన కల్పించాడు, గ్రీకు ఖావోస్ (అస్తవ్యస్తం) అన్న మాటని మనసులో పెట్టుకుని. మనింట్లో మాత్రం గ్యాస్ అంటే బండ. తమాషా ఏమిటంటే, 14.2 కిలోల ఆ బండలో ఉన్నది చాలామటుకు ద్రవమే. ఒత్తిడితో ద్రవం చేసి నింపుతారు, ఊపితే తొణుకుతుంది, మీ తరళ అదే. స్టవ్వు తిప్పగానే పైన కాస్త ఆవిరవుతుంది, దానికి కావాల్సిన వేడిని బండ నుంచే లాక్కుంటుంది. పెళ్ళివంటల్లో పెద్ద మంట పెట్టినప్పుడు బండకి కింద చెమట పట్టేది అందుకే. ఎంత మిగిలిందో చూడాలంటే మా ఇంట్లో తడిగుడ్డతో బండంతా తుడుస్తారు. పైభాగం తొందరగా ఆరుతుంది, ద్రవం ఉన్నంత మేరా తడి నిలుస్తుంది. ఆ గీతే లెక్క.

టపా రాసినవారు:
ఇంత మంచి ఉదాహరణ నాకు తట్టలేదు. ఒకే బండ మీద చెమర్చడం, ఆరడం, లోపల మరగడం! దీనికి జోడీగా ఒకటి. కర్పూరానికి ఘనసారం అని పేరుంది. పేరులోనే ఘనం ఉంది, అయినా అది ద్రవం కాకుండానే గాలిలో కలిసిపోతుంది. దాన్ని ఉత్పతనం అంటారు. హారతి కర్పూరంలా హరించుకుపోయింది అంటాం గదా, వెలిగించకపోయినా పోతుంది, కాస్త ఆలస్యంగా. మా నాన్నమ్మ కర్పూరం డబ్బాలో మిరియాలు వేసేది. నాకు తెలిసి ఆపేది డబ్బా మూత. మూత బిగుతుగా ఉంటే లోపల ఆవిరి నిండిపోయి, ఎంత లేస్తుందో అంతా తిరిగి బిళ్ళ మీదే చేరుతుంది.

గుణుపురం నుంచి:
ఒక సందేహం. పెరుగు తోడుకోవడం ఏ కోవలోకి వస్తుంది? పలచటి పాలు గట్టిపడుతున్నాయి కదా, అది ఘనీభవనం కాదా?

టపా రాసినవారు:
కాదండి. పేరిన నెయ్యిని పొయ్యి పక్కన పెడితే కరిగి మళ్ళీ నెయ్యే అవుతుంది. పెరుగుని కాస్తే పాలు కావు, విరిగి నీళ్ళు వేరవుతాయి. తోడులోని సూక్ష్మజీవులు పాలల్లోని చక్కెరని ఆమ్లం చేస్తాయి, ఆ పులుపుకి పాలల్లోని మాంసకృత్తులు ఒకదానికొకటి అల్లుకుంటాయి, ఆ అల్లికలో నీరు చిక్కుకుంటుంది. నీరు నీరుగానే ఉంది. మనవాళ్ళు నెయ్యి తోడుకుంది అనరు, దానికి పేరడమే. మీ గుణుపురంలో సవర ఇళ్ళు, ఒడియా ఇళ్ళు కూడా దగ్గరే కదా, వాళ్ళు ఈ రెంటికీ ఒకే క్రియ వాడతారో, రెండు వాడతారో కనుక్కుని రాయండి.