సీటూసీ గ్రూప్ రైడ్: కొండ మీద వెనకబడినవాళ్ళ కోసం ఆగాలా, ఎవరి వేగం వాళ్ళదా?

టైన్‌ఒడ్డు (న్యూకాసిల్)

అందరికీ నమస్కారం. మే చివర్లో మూడు రోజులు కుదుర్చుకుని మళ్ళీ సీటూసీకి వెళ్దామనుకుంటున్నాం. తెలియనివాళ్ళ కోసం: పడమటి ఒడ్డున వైట్‌హేవెన్ నుంచి తూర్పు ఒడ్డున టైన్‌మౌత్ దాకా, ఇంగ్లండ్‌ని ఉత్తరాన అడ్డంగా దాటే సైకిల్ దారి ఇది. దగ్గరదగ్గర 140 మైళ్ళు, అంటే 225 కిలోమీటర్లు. 1994లో తెరిచారు. బయల్దేరేటప్పుడు వెనక చక్రం ఐరిష్ సముద్రంలో, చేరాక ముందు చక్రం నార్త్ సీలో తడపడం ఆనవాయితీ. లేక్ డిస్ట్రిక్ట్, ఈడెన్ లోయ, పెన్నైన్ కొండలు మూడూ ఈ ఒక్క దారిలో చూసేయొచ్చు.

పోయినేడు తొమ్మిదిమందిమి వెళ్ళాం. రెండో రోజు హార్ట్‌సైడ్ కొండ ఎక్కేటప్పుడు ఒకావిడ వెనకబడ్డారు. ముందున్నవాళ్ళం పైన పావుగంట నిలబడి, చలికి తట్టుకోలేక దిగిపోయాం. శిఖరం దాటి కొంచెం దిగాక సైకిల్ దారి కుడిచేతికి తిరిగి గ్యారిగిల్ వైపు వెళ్తుంది. ఆ మలుపు ఆవిడకి తెలియలేదు. మెయిన్ రోడ్డే పట్టుకుని ఆల్‌స్టన్ వెళ్ళిపోయారు. మేము గ్యారిగిల్ దాటాక వచ్చే నెంట్‌హెడ్‌లో ఎదురుచూస్తున్నాం. రెండు గంటలపాటు ఎవరెక్కడున్నారో ఎవరికీ తెలీదు, ఫోన్లకి సిగ్నల్ లేదు. చివరికి క్షేమంగానే కలిశాం. ఆ రైడ్ పెట్టింది నేను కాబట్టి ఆ రెండు గంటలూ నా మీదే ఉన్నాయి, ఇప్పటికీ.

ఈసారి పన్నెండుమంది వస్తామంటున్నారు. "ఒక్కరిని కూడా వదలకూడదు, అందరూ కలిసే తొక్కాలి" అని సగం మంది. "ఎవరి వేగం వాళ్ళది, రాత్రికి బసలో కలుద్దాం" అని మిగతా సగం. రూములు బుక్ చేసేలోపు ఏదో ఒకటి తేల్చుకోవాలి. మీ అనుభవం చెప్పండి.

పెద్దగేర్ (లీడ్స్)

నేను రెండో మాటవాడిని. వినడానికి కటువుగా ఉంటుందని తెలుసు, కారణం చెప్తాను.

హార్ట్‌సైడ్ 580 మీటర్లు. అంత ఎత్తు ఎక్కేటప్పుడు ప్రతి ఒంటికీ ఒక లయ ఉంటుంది. ఆ లయకన్నా నెమ్మదిగా తొక్కమంటే గేరు కుదరదు, బ్యాలెన్సు నిలవదు, మోకాలు పట్టేస్తుంది. పైన ఆగడం ఇంకా కష్టం. ఎక్కేటప్పుడు చొక్కా చెమటకి తడిసిపోతుంది, నిలబడిన అయిదు నిమిషాలకే గాలికి అది మంచుగుడ్డ అయిపోతుంది. ఒళ్ళు వణుకుతూ అంత వాలు దిగితే బ్రేకు మీద వేళ్ళు పనిచెయ్యవు. నెమ్మదిగా వచ్చేవాళ్ళ క్షేమం కోసం వేగంగా వెళ్ళేవాళ్ళని ప్రమాదంలో పెట్టడం న్యాయమేనా? రెండు జట్లుగా విడిపోయి, రెండిటికీ దారి తెలిసిన మనిషిని ఒకరిని పెట్టుకుంటే సరిపోతుంది కదా.

కాజీపేట అన్న (మాంచెస్టర్)

తమ్మీ, నువ్వు చెప్పింది సైకిల్ సంగతి. నేను మనుషుల సంగతి చెప్త. నాకు యాభై ఎనిమిదేండ్లు. రేసులు కొట్టాలంటే నేను మీతోని ఎందుకొస్త? ఆదివారం కూడా ఎవరి ఇంట్ల వాళ్ళుండే ఈ దేశంల, పది మందితోని తెలుగుల మాట్లాడుకుంట తొక్కొచ్చనే వస్త. పొద్దున టిఫిన్ కాడ కలిసి రాత్రి అన్నం కాడ మళ్ళ కనవడితే గది గ్రూప్ రైడ్ ఎట్లయితది? నడిమిట్ల ఆ గొర్రెల మంద, ఆ రాతి గోడలు, చూసి "అరే గటు చూడు" అందామంటే పక్కన మనిషి ఉండాలె.

ఇంకొక మాట. రెండు జట్లు చేస్తే ఎనకాల జట్టేమో "చాతగానోళ్ళ జట్టు" అయితది. ఎవ్వరూ గట్ల అనకపోవచ్చు. అందులున్నోళ్ళకు మాత్రం తెలుస్తది.

ఉదయగిరి (డర్హమ్)

మొదటి పోస్టులో చెప్పిన ఆవిడని నేనే. ఇన్నాళ్ళూ దీని గురించి రాయలేదు, ఇప్పుడు రాయాలనిపించింది.

పెన్రిత్ నుంచి బయల్దేరిన గంటకే మీ వీపులు చిన్నవైపోయాయి. లాంగ్‌వాత్‌బీ దాటాక అసలు కనిపించలేదు. గాలి ముఖం మీద కొడుతోంది. కొండ సగం తొక్కాను, సగం సైకిల్ నడిపించుకుంటూ ఎక్కాను. నా దగ్గరున్న పాత గైడ్‌బుక్కులో పైన కేఫ్ ఉందని రాసుంది. వేడి టీ ఒకటి తాగొచ్చని దాన్నే తలచుకుంటూ ఎక్కాను. ఆ కేఫ్ 2018లోనే కాలిపోయిందని పైకి వెళ్ళి ఖాళీ జాగా చూసేదాకా నాకు తెలీదు. జేబులో పల్లీ పట్టీ ఉంది. గ్లవ్స్ తీస్తే వేళ్ళు ముడుచుకోవడం లేదు, కవరు చిరగడం లేదు. పళ్ళతో కొరికి చింపాను, సగం పట్టీ నేలపాలైంది. అప్పుడు ఏడుపొచ్చింది, అలసటకి కాదు, చుట్టూ ఒక్క మనిషీ లేడని.

ఆల్‌స్టన్‌లో రాళ్ళు పరిచిన ఏటవాలు వీధి ఉంటుంది, అక్కడ ఒక దుకాణంలో పెద్దావిడ ల్యాండ్‌లైన్ ఇచ్చింది. ఆవిడ కూర్చోమన్న కుర్చీ ఇప్పటికీ గుర్తుంది.

మీరు నా కోసం నెమ్మదిగా తొక్కాలని నేను కోరుకోలేదు, ఈసారీ కోరను. "మేము ముందు వెళ్తున్నాం, ఫలానా చోట ఆగుతాం, ఫలానా మలుపు దగ్గర కుడికి తిరుగు" అని ఎవరైనా ఒక్క మాట చెప్పుంటే నాకు ఆ రోజు మామూలు రోజే అయ్యేది.

పెద్దగేర్ (లీడ్స్)

అక్కా, పైన నిలబడ్డప్పుడు "ఇక దిగుదాం" అని మొదట అన్నది నేనే. మీరు వెనక ఒంటరిగా ఉన్నారని తెలిసే అన్నాను. క్షమించండి. ఇది అప్పుడే చెప్పాల్సింది.

గడపమబ్బు (పెన్రిత్)

నేను పెన్రిత్‌లో ఏడేళ్ళుగా ఉంటున్నాను, హార్ట్‌సైడ్ ఏటా నాలుగైదుసార్లు ఎక్కుతాను. ఇంతసేపటి నుంచి అందరూ కొండ గురించే మాట్లాడుతున్నారు. ఉదయగిరి గారు మాత్రం గాలి ముఖం మీద కొట్టిందని రాశారు, అసలు సంగతి అక్కడే ఉంది.

ఈ దారిని పడమర నుంచి తూర్పుకి తొక్కమని చెప్పేదే గాలి కోసం. ఇక్కడ చాలా రోజులు గాలి పడమర, నైరుతి నుంచి వీస్తుంది, వీపు తోసిపెడుతుంది. ఈడెన్ లోయలో ఆ లెక్క తప్పించే గాలి ఒకటుంది, హెల్మ్ విండ్ అంటారు. బ్రిటన్ మొత్తం మీద సొంత పేరున్న గాలి ఇదొక్కటే. ఈశాన్యం నుంచి వచ్చిన గాలి క్రాస్ ఫెల్ గట్టు దాటి పడమటి వాలు మీదుగా కిందికి దూకుతుంది. పెన్నైన్ కొండల్లో అన్నిటికన్నా ఎత్తైన గట్టు అది, 893 మీటర్లు. చలికాలం చివర, వసంతంలో ఈ గాలి ఎక్కువ. గట్టు నెత్తిన తెల్లటి మబ్బు టోపీలా కూర్చుంటుంది. దానికి ఇవతల, లోయ పైన, రోకలిలాంటి పొడుగాటి మబ్బు ఇంకోటి ఎంత గాలి వీచినా కదలకుండా నిలబడుతుంది. ఆ రెండూ కలిసి కనిపిస్తే లాంగ్‌వాత్‌బీ నుంచి పైదాకా మీకు ఎదురుగాలే. పోయినేడు మీకు తగిలింది అదేనో కాదో నేను చెప్పలేను, ఎదురుగాలి ఏదైనా లెక్క మాత్రం ఒకటే.

ఎదురుగాలిలో ముందు సైకిల్ చక్రం వెనక దూరి తొక్కడానికీ, ఒంటరిగా తొక్కడానికీ ఎంత తేడానో తొక్కినవాళ్ళకి తెలుసు. గ్రూపు విడిపోతే ముందున్న అయిదారుగురు వంతులేసుకుని గాలి కోస్తారు. చివరి మనిషికి అసలే సత్తువ తక్కువ, పైగా గాలంతా తనొక్కరే కోయాలి. అలా ఇరవై కిలోమీటర్లు తొక్కాక కొండ మొదలవుతుంది. ఆవిడ కొండ మీద వెనకబడ్డారని మీరంటున్నారు. వెనకబడడం పెన్రిత్ పొలిమేరలోనే మొదలైంది, కొండ దగ్గర బయటపడింది, అంతే.

కాబట్టి పెద్దగేర్ గారి మాట కొండ మీద నిజం. నిటారు వాలు మీద వేగం ఎనిమిది, తొమ్మిది కిలోమీటర్లకి పడిపోతుంది, గాలి లేని రోజైతే ఒకరి వెనక ఒకరు దాక్కుని లాభం లేదు, ఎవరి లయ వాళ్ళదే. చదునులో మాత్రం కాజీపేట అన్న గారి మాటే నిజం. బలమున్నవాళ్ళు ముందుండి గాలి కోయాలి, వెనకవాళ్ళని మధ్యలో పెట్టుకోవాలి. కొండ కింద రెన్విక్ ఊళ్ళో ఆగండి, అక్కడ గోడలూ చెట్లూ ఉన్నాయి. పట్టీలు తిని, నీళ్ళు తాగి, అప్పుడు కొండకి విడివిడిగా బయల్దేరండి. పైన ఎవరూ నిలబడొద్దు. (టైముంటే మధ్యలో లిటిల్ సాల్కెల్డ్ దగ్గర లాంగ్ మెగ్ రాళ్ళ వలయం చూడండి. దారికి కాస్త పక్కకే.)

సందువీధి (సండర్లాండ్)

పన్నెండుమంది ఒకే గుంపుగా పోవడం గురించి ఒక మాట. 2022 జనవరిలో హైవే కోడ్ (ఇక్కడి రోడ్డు నియమాలు) మార్చారు. ఇద్దరు పక్కపక్కన తొక్కొచ్చు, పెద్ద గుంపైతే అది మేలు కూడా. వెనక బండి దాటడానికి వీలున్న చోట దారివ్వాలి. దాటే కారు కనీసం ఒకటిన్నర మీటరు ఎడం ఇవ్వాలి. హార్ట్‌సైడ్ పైభాగం ఏ686 అనే మెయిన్ రోడ్డు మీద ఉంటుంది, మోటారు సైకిళ్ళవాళ్ళకి ఆ వంపులంటే ప్రాణం. అక్కడ నలుగురు నలుగురుగా, మధ్యలో బండి దూరేంత జాగా వదిలి వెళ్ళండి.

కాజీపేట అన్న (మాంచెస్టర్)

పెన్రిత్ బాబు మంచిగ చెప్పిండు. నాకు గీ గాలి ముచ్చట తెల్వనే తెల్వదు.

మా ఇంట్ల ఎలక్ట్రిక్ సైకిల్ కొనుక్కోమంటున్నరు. ఈడి చట్టం ప్రకారం మోటారు 250 వాట్లే, గంటకు 15.5 మైళ్ళ వేగం దాటంగనే ఆగిపోతది, లైసెన్సు అక్కర్లే. తెచ్చుకుంటే ఎవ్వరికైనా అభ్యంతరమా?

పెద్దగేర్ (లీడ్స్)

నాకైతే లేదన్నా. బ్యాటరీ ఒక్కటి చూసుకోండి. మూడో రోజు పొద్దున్నే స్టాన్‌హోప్‌లో క్రాలీసైడ్ ఎక్కాలి. దారి మొత్తంలో నాకు భయం వేసేది హార్ట్‌సైడ్ కాదు, అదే. అక్కడ బ్యాటరీ అయిపోతే ఆ బరువు తొయ్యడం మనవల్ల కాదు. రాత్రి బసలో చార్జింగ్ ఉందో లేదో ముందే కనుక్కోండి. ఆ కొండ ఎక్కేశాక వాస్కర్లీ వే, పాత రైలు కట్ట మీద కంకర దారి, సముద్రం వైపు హాయిగా దిగుతుంది.

గడపమబ్బు గారి లెక్క ఒప్పుకుంటున్నాను. చదునులో నేను ముందుంటాను, గాలి కోస్తాను. పైన ఆగకూడదన్న మాట మాత్రం గట్టిగా పెట్టండి. ఆగడం తప్పదంటే మలుపు దగ్గరే ఆగాలి.

టైన్‌ఒడ్డు (న్యూకాసిల్)

నాకు దారి దొరికింది. పెన్రిత్ నుంచి రెన్విక్ దాకా పన్నెండుమందీ ఒక్కటిగా, వెనకవాళ్ళు మధ్యలో. కొండ మీద ఎవరి వేగం వాళ్ళది, చివరి మనిషితో పాటు నేను. చివరి మనిషి ఎవరైనా సరే, నేను వాళ్ళని దాటి వెళ్ళను. ముందు చేరినవాళ్ళు శిఖరం మీద ఆగకుండా దిగి, కుడి మలుపు దగ్గర ఒకరు ఉండి, మిగతావాళ్ళు గ్యారిగిల్‌లో ఆగాలి. ఆ మలుపు ఫోటో, దారి మ్యాపు అందరి ఫోన్లలో సిగ్నల్ లేకపోయినా తెరుచుకునేలా ముందురోజే పెట్టిస్తాను. ఒకరికొకరి నంబర్లు కాగితం మీద కూడా రాసుకుందాం. పోయినేడు ఆల్‌స్టన్‌లో ఉదయగిరి గారికి ఫోన్ దొరికినా మా నంబర్లు గుర్తులేక ఇంటికి చేశారు, ఇంట్లోవాళ్ళు మాకు చెప్పారు.

మలుపు దగ్గర నిలబడేది ఎవరు? అరగంట పైనే పట్టొచ్చు, చలి ఉంటుంది.

పెద్దగేర్ (లీడ్స్)

నేను. దళసరి జాకెట్, పొడి చొక్కా, ఫ్లాస్కులో టీ తెచ్చుకుంటాను. పన్నెండు లెక్కపెట్టాకే కదులుతాను.

ఉదయగిరి (డర్హమ్)

అయితే నా పేరు రాసుకోండి. పల్లీ పట్టీలు అందరికీ నేనే తెస్తాను, కవర్లు విప్పేసి డబ్బాలో.